సహరీ టీతో రెండు బిళ్లలు

ఆళ్లగడ్డలో పరుపులు కుట్టే లాల్ సాహెబ్‌కు రెండు విషయాల్లో మహా పట్టింపు. తాను కుట్టిన పరుపులో దూది ఎక్కడా గడ్డ కట్టదు. మీసం మొలిచింది మొదలు రంజాన్ నెలలో ఒక్కపొద్దు తప్పింది లేదు. కుర్రతనంలో దూదేకే విల్లు భుజాన వేసుకుని, వాళ్ల నాయన వెంట దొర్నిపాడు దాకా ఊరూరా తిరిగే రోజుల్లో కూడా, ఎండ మాడు పగలగొడుతున్నా గుక్కెడు నీళ్లు ముట్టేవాడు కాదట. ఇప్పుడు దూది ఏకడానికి మిషన్ వచ్చింది. కుట్టడం మాత్రం చేతి పనే. పరుపు మీదే మోకాళ్లు మడిచి కూర్చుని, దబ్బనం గుచ్చి, దారం బిగించి లాగాలి. చివరికి ఆ మోకాళ్లే మొరాయించాయి.

రంజాన్ రాకముందే కుడి మోకాలు బూరెలా వాచింది. భార్య షంషున్నీసా పోరు పడలేక నంద్యాలలో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాడు. వెంట ఆమె కూడా వెళ్లింది. ఆ డాక్టరు వాపు తగ్గడానికి బిళ్లలు రాశాడు, అవి కడుపును పాడు చేయకుండా ఒక క్యాప్సూల్ రాశాడు, మరీ మరీ చెప్పాడు.

"పొద్దున ఒకటి, రాత్రికి ఒకటి. అన్నం తిన్నాకనే. నీళ్లు బాగా తాగాల. దీంతో ఇంకే నొప్పి బిళ్లా కలపొద్దు. ఇవి కొన్నాళ్లకే, ఊరికే మింగుతా పోయేటివి కాదు. కడుపులో మంట పుట్టినా, దొడ్డికి తారు మాదిరి నల్లగా పోయినా, ఆపేసి పరిగెత్తుకొని రా."

లాల్ సాహెబ్ తల ఊపాడు. ఆ ఊపుడు సంగతి షంషున్నీసాకు తెలియనిది కాదు. పెళ్లయిన నాటి నుంచి ఆమె ఏం చెప్పినా అలాగే ఊపుతున్నాడు, తాను చేసేది చేస్తున్నాడు.

రంజాన్ వచ్చింది. పగలు ఏదీ మింగకూడదు. దొర్నిపాడు పెళ్లివాళ్ల పరుపులు చూస్తే సగంలో ఉన్నాయి. మహానుభావుడు సొంత వైద్యం కనిపెట్టాడు. నొప్పి పుట్టేది పగలు, పని దగ్గర. అలాంటప్పుడు రెండు బిళ్లలూ తెల్లవారుజామున, ఒక్కపొద్దుకు ముందు తినే సహరీ వేళకే వేసుకుంటే పగలంతా పనిచేస్తాయి కదా! ఆ వేళలో అన్నం సయించదు కనుక టీలో రస్కు ముంచుకుని సరిపెట్టేవాడు. నొప్పి కడుపులో లేదుగా అని క్యాప్సూల్‌ను మూలన పడేశాడు. అప్పటికీ మోకాలు లొంగకపోతే బజారులో మందుల షాపుకు వెళ్లి మరో నొప్పి బిళ్ల అడిగి తెచ్చుకుని, పొద్దు గూకాక దాన్నీ మింగసాగాడు. ఇంట్లో చెప్పలేదు. చెబితే షంషున్నీసా ఊరుకుంటుందా?

ఆ రోజు సాయంత్రం నమాజుకు కాళ్లూ చేతులూ కడుక్కుందామని వెళ్లిన షంషున్నీసా మరుగుదొడ్డి తలుపు తీసి గతుక్కుమంది. సరిగా నీళ్లు కొట్టలేదు. నల్లగా, జిగటగా తారు పోసినట్టు ఉంది. ఆమెకు డాక్టరు మాట గుర్తొచ్చింది. ముందు గదిలోకి వచ్చింది. లాల్ సాహెబ్ చేతిలో దబ్బనం పట్టుకుని ఊరికే కూర్చుని ఉన్నాడు. మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. చొక్కా చెమటకు తడిసిపోయింది.

"ఏమయ్యా, నల్లగా పోతాండేది నీకేనా?"

"ఖర్జూరాలు తింటాండాం గదా మే. దానికే అయ్యుంటాది."

"నేనూ తింటాండా. నాకు పోతాందా? ఎప్పట్నించి?"

అతను దారం వెతుక్కుంటున్నట్టు తల దించుకున్నాడు. అదే ఆమెకు బదులు.

"లెయ్. నంద్యాలకు పోదాం."

"పొద్దు గూకనీ. ఒక్కపొద్దు ఇడిచినాక పోదాం."

"జబ్బు చేసినోళ్లు ఇడవచ్చు, బాగైనాక ఆ దినం తీర్చుకోవచ్చని మసీదులో హజరత్ ఎన్నిసార్లు చెప్పలేదు?"

"నాకేం జబ్బు? మోకాలి నొప్పికి ఎవురన్నా ఒక్కపొద్దు ఇడుస్తారా?"

కావాలంటే చూడు అన్నట్టు లేవబోయాడు. కాళ్లు నిలవలేదు. పరుపు మీదే కూలబడి భళ్లున కక్కుకున్నాడు. కాఫీ పొడి నీళ్లలో కలిపినట్టు ఉంది, మధ్యలో ఎర్రటి చారలు. షంషున్నీసా పైప్రాణాలు పైనే పోయాయి. అతను మాత్రం ఆమె కొంగు పట్టుకుని గొణిగాడు.

"కావాలని కక్కుకోలే. దీనికి ఒక్కపొద్దు పోదు."

ఏమనాలి ఈ మనిషిని! కోపమూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చాయి ఆమెకు. "ఒక్కపొద్దు పోదులే, నువ్వే పోతాండావ్!" అని అరిచి, 108కు ఫోన్ చేసింది. బండి వచ్చేలోగా సంచిలో నీళ్ల సీసా, ఒక ఖర్జూరం వేసుకుంది. పొద్దు గూకితే దారిలోనే అతనికి ఇవ్వొచ్చని ఆమె ఆశ.

అంబులెన్సులో వచ్చినాయన సెలైన్ ఎక్కించడానికి సూది గుచ్చబోతే లాల్ సాహెబ్ చెయ్యి లాక్కున్నాడు. "ఎక్కించండి సార్, ఆ మాట యినొద్దు," అని షంషున్నీసా ఆ చేతిని తానే అదిమి పట్టుకుంది. ఇంత చల్లగా ఉందేమిటి ఈ చెయ్యి! శిరివెళ్ల దాటేసరికి అతని మాట ముద్దయిపోయింది. ఆమె అతని జేబులు తడిమింది. రెండు రకాల బిళ్లల అట్టలు చేతికి తగిలాయి.

"ఇంగోటి యాడిది?"

"బజార్లో..." అన్నాడు, కళ్లు మూసుకునే.

అట్టలు పిడికిట బిగించి ఆమె దువా చదవసాగింది. సగంలో మాటలు మరిచిపోయి మళ్లీ మొదలు పెడుతోంది. బండి ఎంత పోయినా నంద్యాల రావడం లేదు.

ఆసుపత్రిలో డాక్టర్ ప్రియదర్శిని షంషున్నీసా చెప్పిందంతా విని, ఆ అట్టలు తిప్పి చూసి నిట్టూర్చింది. "పేర్లు వేరు గానీ రెండూ ఒకే జాతి మందులమ్మా. ఒకటి చాలకపోతే ఇంకొకటి అని కలిపి వేసుకోకూడదు. అందులోనూ సరిగా తినకుండా, పగలంతా నీళ్లు లేకుండా! కడుపులో పుండు పడి రక్తం కారుతున్నట్టుంది. కిడ్నీల మీద కూడా భారం పడింది. ముందు రక్తం ఎక్కించాలి. గొట్టం వేసి లోపల చూసి, కారేది ఆపాలి."

సరిగ్గా అప్పుడే బయట పొద్దు గూకి, మసీదు నుంచి అజాన్ వినిపించింది. లాల్ సాహెబ్ కళ్లు తెరిచాడు. పెదాలు ఎండి పొరలు లేచి ఉన్నాయి.

"మే... ఖర్జూరం."

షంషున్నీసా గబగబా సంచిలోంచి తీసింది. నోటి దాకా వెళ్లిన చేతిని డాక్టరమ్మ పట్టుకుంది.

"వద్దమ్మా. లోపల చూసేదాకా నోటికి ఏమీ ఇవ్వకూడదు. చుక్క నీళ్లు కూడా."

"అజాన్ అయింది గదా!" అన్నాడు లాల్ సాహెబ్, చిన్నపిల్లాడిలా.

ఇంట్లో బతిమాలితే వద్దన్న మనిషి. ఇప్పుడు వేళయింది, ఎదురుగా నీళ్లున్నాయి, తాగే యోగం లేదు. కన్నీళ్లు చెంపల మీదికి కారుతుంటే నర్సులు అతన్ని లోపలికి తీసుకెళ్లారు. తలుపు మూసుకున్నాక షంషున్నీసా తన ఒక్కపొద్దు విడవడానికి ఒక్క గుక్క నీళ్లు తాగింది. ఖర్జూరం చేతిలోనే నలిగిపోయింది.

చాలాసేపటికి డాక్టరమ్మ వచ్చింది. "కారేది ఆగింది. మళ్లీ కారకుండా ఈ రాత్రి గడవాలి. ఈ జాతి బిళ్లలు ఈయన ఇక ముట్టకూడదు. మోకాలికి వేరే దారి చూద్దాం," అంది. గడవాలి అన్న మాట ఒక్కటే షంషున్నీసా చెవిలో మిగిలింది.

కిటికీలోంచి ఎండ మంచం మీద పడ్డాక లాల్ సాహెబ్ కదిలాడు. వెలుగు చూసి అదిరిపడ్డాడు.

"తెల్లారిపాయెనే! సహరీకి లేపలేదేందే నన్ను?"

షంషున్నీసా కొంగు నోట్లో కుక్కుకుంది.

"నువ్వు లేస్తావో లేవవో అని రాత్రంతా నీ మొగమే చూస్తా కూచున్నా. నిన్నెట్ల లేపేదయ్యా?"

లాల్ సాహెబ్ ఈసారి తల ఊపలేదు. సూది లేని చేతిని మెల్లగా చాచి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఇంగ నీకు చెప్పకుండా ఏ బిళ్లా మింగనే," అన్నాడు.