అమ్మ కొలతలిచ్చిన బండి

మా చిన్నకోడలికి రెండో కాన్పులో కవలలు పుట్టారు. పిల్లలకు అయిదో నెల వచ్చేసరికి, ఉన్న కారులో వాళ్లూ, వాళ్ల సామానూ, పెద్దపిల్లా, మోకాళ్ల నొప్పులతో నేనూ పట్టడం లేదని మావాడు పెద్ద బండి కొనాలనుకున్నాడు. ఎక్కి దిగడానికి నాకు వీలుగా ఉంటుందో లేదో చూడాలని నన్ను కూడా కడపలో షాపుకు తీసుకుపోయారు. అక్కడ అమ్మకాలాయన వెనక సీట్లు మడిచి, తెరిచి, మళ్లీ మడిచి చూపిస్తూ ఉంటే మావాడు లీటరుకు ఎంత దూరం వస్తుందని అడుగుతున్నాడు. కోడలు అంతా ఓపిగ్గా విని, చివరికి ఒక్కటే అడిగింది. "పోయిన దసరాకు మా అక్కావాళ్లు కొన్నారు కదా, దానికంటే ఇది పెద్దదేనా?" అక్క అంటే మా పెద్దకోడలు. పెద్దదేనమ్మా అని ఆయన అనగానే, అయిదు నెలలుగా నిద్రలేని ఆ ముఖం కడిగిన గిన్నెలా మెరిసింది. నాకు నవ్వొచ్చింది. ఎందుకు నవ్వుతున్నావని మావాడు అడిగితే, సీటు మెత్తగా ఉందిలే నాయనా అన్నాను. నిజానికి నాకు మా అమ్మ గుర్తొచ్చింది.

ఇది యాభైలనాటి మాట. కడప నుంచి ఒంటిమిట్టకు పోయే దారికి కాస్త పక్కగా మా ఊరు. నాయనా పెదనాయనా భాగాలు పంచుకున్నప్పుడు ఇంటి మధ్యలో గోడ లేచింది. అటు పెద్దమ్మ సంసారం, ఇటు మా అమ్మ సంసారం. ఇద్దరూ ఒకే ఏడాది ఆ ఇంటికి కోడళ్లుగా వచ్చారట. కొత్తకోడళ్లకు పెట్టిన చీరల్లో పెద్దమ్మ చీరకు అంచు వెడల్పని అమ్మ ఆ రోజే కనిపెట్టిందనీ, అప్పుడు మొదలైన మంట ఇంతవరకూ ఆరలేదనీ మా మేనత్త చెప్పి నవ్వేది. గోడ కట్టాక ఆ మంటకు ఇంకాస్త గాలి తగిలింది. పెదనాయన తన భాగంలో నేలకు బేతంచెర్ల నుంచి రైల్లో తెప్పించిన నున్నటి బండలు పరిపించాడు. "కడప రాళ్ల నడమ పుట్టి, కడప రాళ్ల నడమ పెరిగి, యాడనో బేతంచెర్ల నుంచి రాళ్లు తెప్పించుకోవాల్నా? మన రాయి కాళ్లకు గుచ్చుకుంటాందంటనా?" అని అమ్మ గోడకు వినిపించేటట్టు అడిగింది. చల్లటి ఆ బండల మీద ఎండాకాలం మధ్యాహ్నాలు దొర్లాలని మాకు ప్రాణం పీకేది. పోతే కాళ్లు విరగ్గొడతానని అమ్మ అనేది.

ఆ మీదట పెదనాయన సవారిబండి కొన్నాడు. కూర్చునే పెట్టె కింద ఇనుప కమానులున్న బండి అది. గతుకుల్లో పడ్డా లోపలి మనిషి ఉయ్యాలలో ఉన్నట్టు ఊగేదే తప్ప కుదుపు తెలిసేది కాదు. గుండ్రటి గూడుకు ఆకుపచ్చ రంగు, లోపల పట్టు గలీబుల దిండ్లు, ఎద్దుల మెడల్లో గంటల పట్టెడలు. అంత బండిలో ప్రయాణం చేసేది ఇద్దరే, పెదనాయనా పెద్దమ్మా. వాళ్లకు పిల్లలు లేరు. మా ఇంట్లోనేమో దూలానికి కట్టిన ఉయ్యాల దించిన పాపాన పోలేదు. మేమంతా చాలనట్టు, మా అత్త భర్త పోయాక తన ఇద్దరు బిడ్డల్నీ వెంటబెట్టుకుని మా ఇంటికే వచ్చేసింది. మాకున్నది తాతల కాలంనాటి చిన్నబండి. పెళ్లికో తిరునాళ్లకో బయలుదేరితే ఆడవాళ్లూ చంటివాళ్లూ లోపల, నాబోటి వాళ్లం వెనక కాళ్లు వేలాడేసుకుని, ఇంకొంచెం పెద్దవాళ్లు దుమ్ములో నడుచుకుంటూ. మమ్మల్ని దాటుకుంటూ ఆ ఆకుపచ్చ బండి గంటలు మోగించుకుంటూ పోయేది. అమ్మ తల తిప్పేది కాదు. కళ్లు మాత్రం మలుపు దాకా దాని వెనకే పోయేవి. ఇంటికొచ్చాక నాయనకు అన్నం పెడుతూ, "మనకూ అట్లాంటిదొకటి కావాల" అనేది. ఈసారి చెనక్కాయ పంట చేతికొస్తే చూద్దామని నాయన అనేవాడు. ఆ మాట ప్రతి పంటకూ అనేవాడు.

ఒకసారి ఏదో పెళ్లికి పోతున్నాం. పెద్దమ్మ తన బండి ఆపించి, గూడులోంచి తల బయటపెట్టి, "అంతమంది దాంట్లో యాడ పడతారమ్మే? ఆ చిన్నదాన్ని ఇట్లియ్యి, మాతోపాటు వస్తాది" అంది. చిన్నది అంటే నా చెల్లెలు, అప్పటికి నాలుగేళ్లుంటాయి. బుగ్గలు ఎర్రగా, జుట్టు వంకీలుగా ఉండేది. నా మోకాళ్లకు ఎప్పుడూ దోక్కుపోయిన గాయాలుండేవి కాబట్టి పట్టు దిండ్ల మీదికి నన్నెవరూ పిలవలేదు. అమ్మ వద్దనలేకపోయింది. నలుగురు చూస్తున్నారు, పైగా నిజంగానే చోటు లేదు. చెల్లెలు ఆ బండెక్కి, దిండుకానుకుని, మా వైపు చూసి చేయూపింది. ఆ చెయ్యిని కొరకాలనిపించింది నాకు.

ఆ తర్వాత ఎక్కడికి బయలుదేరినా చెల్లెలి చోటు ఆ బండిలోనే. బండిలో మొదలైంది ఇంట్లోకి పాకింది. పొద్దున పాలు అక్కడ, మధ్యాహ్నం నిద్ర ఆ చల్లటి బండల మీద. సాయంత్రం తలలో కనకాంబరాలతో, కొత్త రిబ్బన్లతో తిరిగొచ్చేది. అమ్మ ఆ పూలు తీసి పారేయలేదు, అలాగని వాటి వైపు చూడనూ లేదు. ఒకరోజు అందరం జొన్నరొట్టె తింటున్నాం. చెల్లెలు తన ముక్కను పక్కకు నెట్టి, "మా బండికి గంటలుండాయి. మీ బండికి లేవు" అంది. మేం పిల్లలం నవ్వాం. అత్త కూడా నవ్వబోయి, అమ్మ ముఖం చూసి ఆగిపోయింది. అమ్మ చేతిలో రొట్టె పెనం మీదే మాడింది.

కొన్నాళ్లకు పెద్దమ్మ మా అత్త చేత కబురంపింది. "వాళ్లకు బండిలో గూడా చోటు లేకపోయె. ఒక బిడ్డను మాకిస్తే ఏం పోయె? గోడ పక్కనే కదా పెరిగేది" అని. నాయన ఆ మాట విని మీసం దువ్వుకున్నాడు. అన్న అంటే ఆయనకు గౌరవం, జాలి కూడా. ఏమంటావన్నట్టు అమ్మ వైపు చూశాడు. "ఈసారి చెనక్కాయ పండింది కదా. నాకు బండి కావాల" అంది అమ్మ.

"అదే చెప్తాండా కదా. అన్న బండి లాంటిదే చేయిద్దాం. కమానులు..."

"కమానులొద్దు, గంటలొద్దు. రంగు గూడా ఒద్దు. నా బిడ్డలందురూ పట్టే బండి కావాల. ఒక్కరు గూడా ఇంగొకరి బండెక్కే పని లేకుండా."

నాయన ఆనందం అప్పుడు చూడాలి. గూడు తీసేస్తే చెనక్కాయ మూటలు వేసుకోవచ్చు, ఎరువు తోలుకోవచ్చు, గూడు పెట్టుకుంటే ఊళ్లకు పోవచ్చు. ఏళ్లుగా ఆయన మనసులో ఉన్న బండి అదే. అమ్మకు చెప్పే ధైర్యం లేక ఊరుకున్నాడు. మరునాడే ఇంట్లో ఉన్న మమ్మల్నందరినీ వెంటబెట్టుకుని అమ్మ స్వయంగా బండ్లు చేసే వడ్ల ఆచారి దగ్గరికి బయలుదేరింది. ఆడవాళ్లు వచ్చి బండి చేయమని చెప్పడం ఆ కొట్టం ఎన్నడూ ఎరగదు. అమ్మ బొగ్గుతో నేల మీద గీత గీసి, మమ్మల్ని వరసగా కూర్చోబెట్టింది. అత్తా, అత్త పిల్లలూ, మేమూ, చంకలో చంటివాడితో తనూ. నాకూ తనకూ మధ్య మాత్రం కొంత సందు వదిలింది. నేను సర్దుకుని దగ్గరికి జరగబోతే తొడ మీద ఒక్కటిచ్చింది.

"ఈ సందు ఎవురికమ్మా?" అన్నాడు ఆచారి.

"ఉండాదిలే, ఒక మనిషి."

ఆచారి గీతను ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసి, "అట్లయితే ఇది బండి కాదు తల్లీ, ఒంటిమిట్ట రథమే" అన్నాడు.

రథం కాదుగానీ, మా చుట్టుపక్కల అంత పొడుగు బండి లేదు. కొత్త తుమ్మచెక్క వాసన, ఇరుసుకు పూసిన ఆముదం మసి వాసన, మీద వెదురు గూడు. ఆ ఏడు ఒంటిమిట్ట తిరునాళ్లకు దాన్ని మొదటిసారి కట్టారు. ఎండ ముదరకముందే పోదామని కోడికూతకే లేచాం. పక్కింటి ముందు ఆకుపచ్చ బండి కూడా సిద్ధంగా ఉంది. చెల్లెలు అలవాటుగా అటు నడిచింది. అమ్మ పోయి, దాని రెట్ట పట్టుకుని తెచ్చి, నా పక్కన కూర్చోబెట్టింది. పెద్దమ్మ తన బండి మెట్టు మీద ఒక కాలు పెట్టి అలాగే నిలబడిపోయింది. "చోటుండాదక్కా మాకు" అంది అమ్మ, ఎంతో మర్యాదగా. ఏళ్ల తరబడి దాచిపెట్టుకున్న మాట అది.

ఊరు దాటగానే తెలిసింది, కమానులు లేని బండి అంటే ఏమిటో. ప్రతి రాయీ నేరుగా వెన్నులోకి వచ్చేది. మాకది మామూలే. చెల్లెలికి మాత్రం అలవాటు తప్పిపోయింది. మొదట "పెద్దమ్మా" అని సన్నగా మొదలుపెట్టింది, తర్వాత ఏడ్చింది, ఆ తర్వాత వాంతి చేసుకుంది. అమ్మ దాన్ని ఒళ్లో వేసుకుని, ఎండ తగలకుండా కొంగు కప్పి, బెల్లం ముక్క నోట్లో పెట్టింది. అది ఉమ్మేసింది. మా వెనకే గంటలు మోగుతున్నాయి. ముందుకు పోగలిగిన ఎద్దులే, అయినా ఆ బండి మమ్మల్ని దాటలేదు. దారిలో ఒక బావి దగ్గర ఎద్దులకు నీళ్లు పెట్టడానికి ఆగినప్పుడు చెల్లెలు అమ్మ చేతుల్లోంచి జారి, పరుగెత్తి, పెద్దమ్మ కాళ్లను చుట్టేసుకుంది.

అమ్మ బండిలోంచి చూస్తూ ఉంది. నేను ఆమె పక్కనే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను, అమ్మ ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. పెద్దమ్మ బిడ్డకు ముఖం కడిగింది, చెంబుతో నీళ్లు తాగించింది. ఎత్తుకుని తన బండి వైపు రెండడుగులు వేసి ఆగింది. ఏమనుకుందో మరి, వెనక్కి తిరిగి మా బండి దగ్గరికొచ్చింది. "జరగమ్మే, కొంచెం" అంది. బిడ్డను చంకనేసుకునే, పట్టుచీర నలిగిపోతున్నా లెక్కచేయకుండా మా మధ్యలోకెక్కి, అమ్మకు ఎదురుగా మోకాలికి మోకాలు తగిలేటట్టు కూర్చుంది. కాసేపటికి చెల్లెలు ఇద్దరి ఒళ్లలో అడ్డంగా పడుకుంది.

"తల నీ దిక్కు, కాళ్లు నా దిక్కునా?" అంది అమ్మ కళ్లు తుడుచుకుని.

"వచ్చేటప్పుడు మార్చుకుందాంలే" అంది పెద్దమ్మ.

నిజంగానే మార్చుకున్నారు. వెనక ఆకుపచ్చ బండిలో పెదనాయన ఒక్కడే పట్టు దిండ్ల మధ్య కూర్చుని ఒంటిమిట్ట దాకా వచ్చాడు.

దత్తత మాట మళ్లీ రాలేదు. చెల్లెలు రెండిళ్లలోనూ పెరిగింది. ఎక్కడికి పోయినా పెద్దమ్మ మా బండిలోనే, నడుం నొప్పని సణుగుతూనే, వచ్చేది. ఇద్దరూ కలిసిపోయారని మాత్రం అనుకోకండి. చెల్లెలు ఎవరి చేతి కూర మెచ్చుకుందో, జ్వరం వస్తే ఎవరిని పలవరించిందో ఇద్దరూ కనిపెడుతూనే ఉండేవాళ్లు. దాని పెళ్లిలో పానకం బిందె ఎవరు మోయాలని మొదలైన తగువు అప్పగింతల దాకా నడిచింది. దానికి కొడుకు పుడితే ముక్కు పెద్దమ్మదని ఎవరో పొరపాటున అన్నారు. రక్తం పంచుకోని మనిషి ముక్కు ఎలా వస్తుందని అమ్మ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

పెద్దమ్మే ముందు పోయింది. అప్పటికి అమ్మ కూడా పండు ముసలి. దినాలయ్యాక ఒక మధ్యాహ్నం ఆ బేతంచెర్ల బండల మీద కొంగు పరుచుకుని పడుకుంది. నేను పక్కన కూర్చుని విసురుతున్నాను. నిద్రపోయిందనుకున్నాను. కళ్లు మూసుకునే అడిగింది.

"ఇంగ నేనెవురి మింద కుళ్లుకోవాలమ్మే?"

ఆ రోజు ఆ మాటకు నేను నవ్వాను. ఎవరి అంచు వెడల్పో, ఎవరి ఇల్లు చల్లనో అని నాతో పోటీపడిన వాళ్లంతా ఒక్కొక్కరే వెళ్లిపోయిన ఈ వయసులో, అమ్మ జవాబు కోసమే అడిగిందని అర్థమవుతోంది.