నోట్లో పైపు, చేతిలో బేరం

మానవపాడు వెంకట్రాములు తన యాభై ఎనిమిదేళ్ల బతుకులో చెప్పిన ధరకు ఒక్క వస్తువు కూడా కొనలేదు. చివరికి బస్సు టికెట్టు దగ్గర కూడా కండక్టరును ఓ మాట అడిగి చూసి, కాదంటేనే జేబులో చెయ్యి పెట్టేవాడు. పెబ్బేరు సంతలో ఎద్దుల దళారి ఆయన. అమ్మేవాడి చేతిని, కొనేవాడి చేతిని తువ్వాల కిందికి లాగి, నోరు మెదపకుండా వేళ్లు నొక్కి ధర తెంచేవాడు. ఇద్దరి దగ్గరా కమీషన్ తీసుకునేవాడు. ఇద్దరూ తామే గెలిచామనుకుంటూ ఇంటికి పోయేవారు. ఆయన పనితనమంతా అందులోనే ఉంది.

అట్లాంటి మనిషికి కడుపులో మంట మొదలైంది. మూడు నెలల్లో ఆరు కిలోలు తగ్గాడు. రొట్టె గొంతు దిగినా ఛాతీ దగ్గర ఆగినట్టుండేది. ఊళ్లో సూదులు వేసే ఆర్‌ఎంపీ కురుమూర్తి చీటీ రాసిస్తే, అది పట్టుకుని గద్వాలలో ఒక ప్రైవేటు దవాఖానకు పోయాడు. అక్కడి డాక్టరు చూసి, నోట్లోంచి పైపు వేసి కడుపు లోపల చూడాలి, ఎండోస్కోపీ చేయాలి అన్నాడు. వెంకట్రాములు అడగాల్సింది తనకేమైందని. అడిగింది మాత్రం "ఎంతైతది సార్?" అని.

కౌంటరులో అఖిల అనే అమ్మాయి నాలుగువేలంది.

"ఆఖరిది చెప్పు బిడ్డా."

"ఇదే ఆఖరు పెద్దాయనా."

"మొదలే ఆఖరైతే ఇగ బేరమేముంది?" అని తువ్వాల దులిపి లేచొచ్చాడు. సంతలో అట్లా లేచి నాలుగడుగులు వేస్తే వెనక నుంచి పిలుస్తారు. ఇక్కడా పిలిచారు, నిజమే. తరువాతి పేషెంటును.

వనపర్తి పోయాడు. అక్కడ మూడువేల రెండు వందలు, రక్తపరీక్షలు వేరే. నాగర్‌కర్నూలు పోయాడు. అక్కడ రెండువేల ఎనిమిది వందలే గానీ, డాక్టరు వారానికి ఒక్కరోజే వస్తాడు, ఆ రోజు నిన్ననే అయిపోయింది. అదే కడుపు, అదే పైపు, మూడు ఊళ్లలో మూడు ధరలు. ఎక్కడా గోడ మీద రాసిపెట్టరు. ఎద్దుకైనా పళ్లు చూసి ధర చెప్తారు, వీళ్లు మనిషి చెప్పులు చూసి చెప్తున్నారని వెంకట్రాములుకు గట్టి అనుమానం. సర్కారు దవాఖానకు పోదామని భార్య నాగేంద్రమ్మ అంటే, "ఉత్తగ చేసేదాంట్ల తగ్గించనీకి ఏముంటది?" అని కొట్టిపారేశాడు. ఈ తిరుగుడులో బస్సులకు, ఆటోలకు తొమ్మిది వందలు అయ్యాయి. ఆ లెక్క ఆయన వేసుకోలేదు.

అసలు సంగతి నాగేంద్రమ్మకు తెలుసు. వెంకట్రాములు సొంత అన్న ఎనిమిదేళ్ల కింద కడుపులో గడ్డతోనే పోయాడు. బేరం తెగనంత కాలం పైపు వేయరు. పైపు వేయనంత కాలం గడ్డ ఉందో లేదో తెలియదు. మనిషి భయపడి చస్తున్నాడు, పైకి మాత్రం ధర ఎక్కువంటున్నాడు. ఆ మాట ఆమె ముఖం మీద అనలేదు. "నీ కడుపేమన్న కోడెనా, వచ్చే సంత దాంక ఆగనీకి?" అని మాత్రం అంది.

ఆఖరికి ఆయనకో ఉపాయం తట్టింది. తెలిసిన మనిషిని వెంటబెట్టుకుపోతే ధర తగ్గుతుంది. కురుమూర్తిని బతిమాలి, బండి మీద ఎక్కించుకుని మళ్లీ గద్వాల పోయాడు. కురుమూర్తి లోపలికి పోయి రెండు నిమిషాల్లో వచ్చి, "నా మొఖం చూసి మూడు వందలు తగ్గించిండ్రు" అన్నాడు. వెంకట్రాములుకు ప్రాణం లేచొచ్చింది. అదే ఊపులో మత్తుసూదికి ఎంతని అడిగాడు. పన్నెండు వందలు.

"అయితే అది తీసెయ్యిండ్రి. నేనేమన్న చిన్న పోరగాన్నా?"

రెండువేల ఐదు వందలకు బేరం తెగింది. ఆ సంబరంలో కురుమూర్తికి మటన్ బిర్యానీ పెట్టించి, తాను ఎదురుగా కూర్చుని మజ్జిగ తాగాడు.

మర్నాడు పరగడుపున బల్ల మీద ఎడమపక్కకు పడుకోబెట్టి, గొంతులో చేదు మందు కొట్టి, పళ్ల మధ్య ప్లాస్టిక్ రింగు పెట్టి, నల్లటి పైపు లోపలికి తోశారు. మత్తుసూదికి పన్నెండు వందలు ఎందుకు తీసుకుంటారో వెంకట్రాములుకు మొదటి క్షణంలోనే తెలిసింది. కళ్లలో నీళ్లు, ముక్కులో నీళ్లు, పేగులు పైకి వస్తున్నట్టు ఓకరింపు. సరిగ్గా అప్పుడే డాక్టరు తెర చూస్తూ అన్నాడు.

"లోపల పుండుంది. ముక్క తీసి పరీక్షకు పంపాలి. దానికి వేరే పదిహేను వందలు. పంపమంటారా?"

ముప్పై ఏళ్ల దళారీలో, ఎదుటివాడి నోరు ఇంత చక్కగా కట్టేసి ధర చెప్పిన మొనగాణ్ని వెంకట్రాములు చూడలేదు. నోరు లేకపోతేనేం, చెయ్యి ఉంది. పక్కనున్న నర్సు స్వరూప చేతిని దుప్పటి కిందికి లాగి, ఐదు వేళ్లూ కలిపి ఓసారి, మూడు వేళ్లు ఓసారి నొక్కాడు. ఎనిమిది వందలు! స్వరూప పాపం పశువుల సంతకు ఎన్నడూ పోయింది కాదు. "భయపడకు తాతా, అయిపాయె, అయిపాయె" అని వీపు నిమిరింది. సరే తొమ్మిది వందలని మళ్లీ నొక్కాడు. ఆమె ఇంకా ప్రేమగా నిమిరింది. ఈలోగా ఇంకో నర్సు తలుపు బయటికి పోయి అడిగితే, నాగేంద్రమ్మ ధర ఊసే ఎత్తకుండా "ఏం తీయాల్నో తియ్యిండ్రి సార్" అని కాగితం మీద సంతకం పెట్టేసింది.

ఎనిమిది రోజులు ఆయన ఆమెతో సరిగా మాట్లాడలేదు. తిండి మాత్రం ఆమె చేతిదే తిన్నాడు.

తొమ్మిదో రోజు రిపోర్టు కోసం ఇద్దరూ పోయారు. వరుసలో ముందున్న వడ్డేపల్లి ఆవిడ ఎండోస్కోపీ ధర అడిగింది. "మత్తు లేకుంటే రెండువేలు" అంది అఖిల. వెంకట్రాములు చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"మల్ల నా దగ్గర రెండున్నర ఎందుకు తీసుకున్నరు?"

అఖిల కంప్యూటరు చూసి మామూలుగా చెప్పింది. "మీ పేరు పక్కన కురుమూర్తి డాక్టరు గారి పేరుంది కదా పెద్దాయనా. ఆమె ఒక్కతే వచ్చింది."

ఇటు చెయ్యి, అటు చెయ్యి పట్టుకుని నడుమ తినేవాడి సంగతి వెంకట్రాములుకు ఒకరు విడమరిచి చెప్పాలా? తనను అమ్మినవాణ్నే తన తరఫున బేరానికి తీసుకొచ్చుకున్నాడు. పైగా బిర్యానీ.

లోపల డాక్టరు రిపోర్టు చదివి, మామూలు పుండేనని, క్యాన్సర్ కాదని, పద్నాలుగు రోజులు గోలీలు వాడితే మానిపోతుందని చెప్పాడు.

మెట్లు దిగుతూనే వెంకట్రాములు మొదలుపెట్టాడు. "చూస్తివా? ఏం లేదని చెప్పనీకి పదైదు నూర్లు! ఉత్తపున్యానికి పాయె. నువ్వు సంతకం పెట్టబట్టే."

నాగేంద్రమ్మ నడక ఆపింది.

"మరి ఏమన్న ఉండుంటే పైసలు వసూలైతుండెనా? మీ అన్న లెక్క నిన్ను నలుగురు మోసుకపోతుంటే, పరీక్ష గిట్టుబాటైందని సంబరపడుతుంటిమా?"

వెంకట్రాములు చేతిలో కాగితాలు చూసుకున్నాడు. బిల్లును పొద్దటి నుంచి నాలుగుసార్లు చదివాడు. రిపోర్టు మడత విప్పనే లేదు. తనకు గడ్డ లేదు. అన్నలాగా పోవడం లేదు. డాక్టరు ఆ మాట చెప్పి పావుగంట దాటింది, సంతోషపడాలన్న సంగతి ఆయనకు ఇప్పుడు తట్టింది. దవాఖాన ముందు, ఆటోల నడుమ, భార్య భుజం పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.