నా సాంచా చూస్తుండు

మా పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న, నేతపని ఇష్టం లేక పటాలంలో చేరిపోయిన మనిషి. ఫిరంగుల దగ్గర పనిచేసి, చెవులు అక్కడే వదిలేసి వచ్చాడు. ఆ తరువాత సర్కారు కచేరీలో ఉద్యోగం దొరికింది. వచ్చిన టపాలు తీసుకుని ముద్ర వేసే ఆవక్-జావక్ బల్ల. కాగితాలు మాట్లాడవు కాబట్టి రిటైరయ్యేదాకా ఆయనకు ఇబ్బంది రాలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అన్న సామెత మా ఇంట్లో నిషేధం. ఎవరైనా అన్నా ఆయనకు వినపడదనుకోండి, అది వేరే సంగతి.

అసలు ఇబ్బంది పెద్దమ్మ పోయాక వచ్చింది. వాళ్ళకు పిల్లలు లేరు. బీడీలు చుడుతూనే కళ్ళతో, గడ్డంతో ఆయనకు లోకమంతా చెప్పేది పెద్దమ్మ. ఆమె లేని ఆ హోట్గి రోడ్ ఇంటికి ఎవరైనా వచ్చినా, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి ఒకటి రెండు మాటలు అరిచేవారు, అలిసిపోయేవారు, తరువాత తమలో తాము మాట్లాడుకునేవారు. ఆయన అందరి మొహాలూ చూస్తూ, వాళ్ళు నవ్వినప్పుడల్లా తనూ నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఆయన మీద కాదు.

అందుకే పొద్దున్నే సిటీ బస్సెక్కి దాజీ పేట్‌లోని మా కార్ఖానాకు వచ్చేసేవాడు. మేము నేసేది టవల్స్. మరమగ్గాలను మేము సాంచాలంటాం. అవి నడుస్తుంటే పక్కనున్న మనిషి గొంతు చించుకున్నా వినపడదు, కాబట్టి అందరూ చేతులతోనే మాట్లాడతారు. రెండు వేళ్ళు కలిపి విడదీస్తే పోగు తెగిందని. బొటనవేలు పెదవికి ఆనిస్తే చాయ్. ఛాతీ మీద చెయ్యి వేసుకుని, కన్ను చూపి, సాంచా చూపితే, నేను వచ్చేదాకా నా సాంచా చూస్తుండు అని. దానికి తల ఊపినవాళ్ళు, ఆ మనిషి తిరిగొచ్చేదాకా కొంపలంటుకున్నా కదలకూడదు.

అక్కడ అందరూ చెవిటివాళ్ళే. నేతపని వద్దని పారిపోయిన మనిషి, నేను నూలు కండెలు చుట్టే చోట స్టూలు వేసుకుని రోజంతా కబుర్లు చెప్పేవాడు. పక్క సాంచా వాడి మీద చాడీలు, కచేరీలో సాహేబు నడిచే తీరు, పెద్దమ్మ అలకలు, అన్నీ చేతులతోనే. ఆయన ఇంత వాగుడుకాయని మాకు అప్పుడే తెలిసింది. దసరా ముందురోజు, ఖండేనవమికి, సాంచాలు ఆపి, కడిగి, పూజ చేస్తాం. ఆ రోజు ప్రసాదానికి వాడంతా వచ్చేది. ఆయన ఒక్కడే వచ్చేవాడు కాదు.

నిరుడు నాన్న సాంచాలను భంగారుకు, అంటే పాత ఇనుము కింద, అమ్మేశాడు. టవల్స్ కొనేవాళ్ళు లేరు, ఆయనకు వేరే దారి లేదు. పెద్దబాపుకు ఎవరు చెప్పాలో తేలక ఎవరమూ చెప్పలేదు. మరునాడు ఎప్పటిలాగే వచ్చి, ఖాళీ గచ్చు మీద నూనె మరకలు చూస్తూ నిలబడ్డాడు. నాన్న ఆయనను కూర్చోబెట్టి చెవి దగ్గరికి వంగి అరిచాడు.

"అన్నా, ఇగ గడ్‌బడ్ లేదు. శాంతంగ కూసొని మాట్లాడుకుందాం!"

నాన్న మనసులో అది మంచిమాటే. లెక్క తేల్చుకోవడానికి వచ్చిన పనివాళ్ళు అప్పటికే గోడ పక్కన నిలబడి నోటితో మాట్లాడుకుంటున్నారు. పెద్దబాపు కాసేపు వాళ్ళ పెదవులు చూశాడు.

"ఇగ మీరు గూడ నోటితోనే మాట్లాడ్తరు గదరా," అన్నాడు. "ఇగ నాకేం పని ఈడ?"

మళ్ళీ రాలేదు. నేనే అప్పుడప్పుడు వెళ్ళి, ఎదురుగా కూర్చుని చేతులు ఆడించేదాన్ని. కానీ ఒక్కదాన్ని ఎంతసేపని చెప్పను? పక్కవాళ్ళ మీద చాడీలు చెప్పాలంటే పక్కవాళ్ళుండాలి కదా. రానురాను ఆయన చేతులు ఒళ్ళోనే ఉండిపోయాయి. నాకు చాలా దిగులుగా ఉండేది.

మొన్న చలికాలంలో దమ్ము ఎక్కువై ఊపిరాడకపోతే దవాఖానాలో చేర్చాం. లోపలికి తీసుకుపోతుంటే, స్ట్రెచర్ మీద నుంచి ఆయన కళ్ళు నన్ను వెతికి పట్టుకున్నాయి. ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు. కన్ను చూపాడు. చూపడానికి సాంచా లేదు కాబట్టి వేలు కాసేపు గాలిలో తిరిగి ఆగిపోయింది. నేను తల ఊపాను.

సాయంత్రానికి ఆయన పోయాడని చెప్పారు. చుట్టాలు ఏడ్చారు, ఎవరో బండి మాట్లాడారు, ఆయనను తీసుకుని మిగతావాళ్ళంతా ముందు బయలుదేరారు. నేను దవాఖానా బెంచీ మీద నుంచి లేవలేదు.

"పా బిడ్డా, ఇంటికి పోదాం," అన్నాడు నాన్న.

నేను నా కన్ను చూపాను. పెద్దబాపు వేలు ఆగిన ఖాళీ జాగా చూపాను. నాన్న పుట్టి పెరిగింది సాంచాల మధ్యనే, విడమరిచి చెప్పక్కర్లేదు. వచ్చి నా పక్కన కూర్చున్నాడు.