ఎడంచేతి గ్లౌజు

ఎనభైల్లో షార్జా స్కూల్లో పన్నెండో తరగతికి కెమిస్ట్రీ చెప్పేదాన్ని. అందులో ఒక పాఠం: హైడ్రాక్సైడ్ వెనక నుంచి తోసుకొస్తుంది, బ్రోమిన్ ముందు నుంచి వెళ్ళిపోతుంది, ఎడమవాటం అణువు కుడివాటంగా తిరగబడుతుంది. ఎన్ని బొమ్మలు గీసినా పిల్లలు తెల్లముఖం వేసేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది.

ఒక సాయంత్రం మావారు వర్క్‌షాప్ నుంచి వచ్చి రబ్బరు గ్లౌజులు విసిరికొట్టారు. “రెండూ ఎడంచేతివే! అడిగితే, ఇవే ఉన్నాయ్, ఖలాస్ అంటాడు మా ముదీర్.” అక్కడ మేనేజర్ని ముదీర్ అంటారు.

ఒకదాన్ని లోపలివైపు బయటికి తిరగేసి ఆయన కుడిచేతికి తొడిగాను. సరిగ్గా పట్టింది.

మర్నాడు రెండో గ్లౌజు క్లాసుకు పట్టుకెళ్ళి, హైడ్రాక్సైడ్ తోసినట్టు వేళ్ళ కొసల్ని లోపలికి తోసి, పిల్లల కళ్ళముందే తిరగేశాను. ఎడమది కుడిదైంది. తరగతంతా ఒక్క గొంతుతో అరిచింది: “బ్రోమిన్ ఖలాస్!”