మధ్యాహ్నం పరదాలో కనిపించిన ఆమె

2023 ఎండాకాలం. ఇస్నాపూర్‌లో కిరాయి గదులున్న ఒక సందులో, మూడో అంతస్తులో కూర్చుని దుప్పట్లకు, పరదాలకు కంప్యూటర్ మీద డిజైన్లు గీసి ప్రింటింగ్ యూనిట్లకు పంపేదాన్ని. మాది సంగారెడ్డిలో కట్‌పీసుల దుకాణం. బేరం ఆడకుండా నేను కొన్నది ఏదైనా ఉంటే అది బస్సు టికెట్టే, అదీ కండక్టర్ మొహం చూసి ఊరుకున్నాను.

మా పని తెలియనివాళ్ళకు రెండు మాటలు చెప్పాలి. బట్ట మీద పూలను మీటర్ల కొద్దీ గీయం, ఒక్క చదరంలో గీస్తాం. దాన్ని టైల్ అంటారు. దాని నాలుగు అంచులూ పక్క టైళ్ళతో అతుకు తెలియకుండా కలిసిపోతే అది రిపీట్. ఒకే ఇంటివాళ్ళలా పోలికలు కలిసే కొన్ని రిపీట్‌లు కలిపితే కలెక్షన్. పెద్ద బొమ్మలది ఒకటి, మధ్యరకంది ఒకటి, దూరానికి సాదాగా కనిపించే సన్నపుది ఒకటి. బొమ్మల సైజులు మారతాయి, రంగులు మారవు.

ఆ కలెక్షన్ ఎస్తేరు రాణి గారి కోసం చేశాను. కోస్తా నుంచి భర్త ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. ఆయన పోయాక ఇంటినే ఆడపిల్లల హాస్టల్ చేశారు. మందుల కంపెనీల్లో ప్యాకింగ్ చేసే అమ్మాయిలు రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు అక్కడ పడుకుంటారు.

"హాస్టల్లా ఉండకూడదమ్మాయ్, ఇంటిలా ఉండాలి," అన్నారు.

"ఇంటిలా అంటే ఖర్చవుతుంది ఆంటీ."

"మీ ఇంట్లో దుప్పట్లకి అంత ఖర్చు పెడతారా మీరు?"

మా ఇంట్లో దుప్పట్లు దుకాణంలో అమ్ముడుపోనివి. నోరు మూసుకుని ఆమె చెప్పిన ధరకు ఒప్పుకున్నాను.

సీతాఫలాన్ని ఎంచుకున్నాను. దుప్పట్లకు పెద్ద ఆకులు, దిండు గలీబులకు సన్న గింజలు, పరదాలకు సగానికి విప్పిన పండు. బేరంలో పోయింది పనిలో రాబట్టుకోవాలనే బుద్ధి నాది. అందుకే పరదా బొమ్మను సగమే గీసి, మిగతా సగాన్ని అద్దంలో చూపించినట్టు తిప్పేశాను. మిర్రర్ రిపీట్ అంటారు దీన్ని. రెండు సగాల మధ్య నిలువుగా ఒక ఆకుల తీగ పెట్టాను. ప్రింటయి వచ్చాక బల్ల మీద పరిచి చూసి, నన్ను నేనే మెచ్చుకున్నాను.

మూడు వారాలకు ఫోనొచ్చింది.

"అమ్మాయ్, నీ కర్టెన్లలో ఎవరో ఉన్నారట."

"ఎవరున్నా కిరాయి తీసుకోండి ఆంటీ," అన్నాను.

ఆమె నవ్వలేదు. పడమటి గదిలో నలుగురు ఖాళీ చేశారు. శిరీష అనే అమ్మాయి కూడా సంచి సర్దుకుంది. ఆమె అందరికంటే పాతది, ఆమె వెళ్తే మిగతావాళ్ళూ కదులుతారు. హాస్టల్ మూతపడితే ఎస్తేరు రాణి గారికి మరో ఆధారం లేదు.

"పరదాలు తీసేస్తే సరి కదా?"

"తీస్తే ఎండ మొహాన కొడుతుంది. పగలు నిద్రపోవాల్సిన పిల్లలు."

మరునాడు మధ్యాహ్నం వెళ్ళాను. శిరీష మంచం మీద మఠం వేసుకుని కూర్చుని ఉంది. నారాయణఖేడ్ వైపు పిల్ల, కళ్ళు గుంటలు పడ్డాయి.

"ఎవరమ్మా, దయ్యమా?" అన్నాను.

"నవ్వకక్కా. పెద్దామె. తలకాయ జెర వంచి సూస్తది. మేం మాట్లాడితే ఇంటది."

"ఎప్పుడు?"

"ఎండెక్కినంక. మేం పండుకుంటం గద, గప్పుడు."

దుకాణంలో అబద్ధం పట్టుకునే పద్ధతి ఒకటుంది, మనుషుల్ని విడివిడిగా అడగడం. అలాగే ఆ గదిలో ఇంకా మిగిలిన ఇద్దర్నీ ఒక్కొక్కరినే లోపలికి పిలిచాను. వాళ్ళిద్దరూ కిటికీకి ఎడమ నుంచి రెండో మడతనే చూపించారు. రెండో అమ్మాయిది ఒడిశా, తెలుగు రాదు. వేలు తన కంటి మీద పెట్టుకుని, తర్వాత అదే మడత వైపు చూపి, చెయ్యి వెంటనే వెనక్కి తీసుకుంది.

"నువ్వు గూడ పండుకో అక్కా. నిలబడితే కానరాదు," అంది శిరీష.

పడుకున్నాను. బయట ఎండ, లోపల పచ్చటి మసక వెలుతురు. మొదట పండు, గింజలు, ఆకులు మాత్రమే కనిపించాయి. అంతలో ఫ్యాన్ గాలికి పరదా కదిలి మడత బిగిసింది. మధ్యనున్న ఆకుల తీగ మడత లోపలికి పోయింది. రెండు సగాలూ కలిశాయి. నల్లటి గింజలు రెండు నా వైపు చూశాయి. వాటి కింద అలసిపోయిన బుగ్గలు, బిగబట్టిన పెదవులు. గాలి తగ్గగానే కళ్ళు మూసుకుంది. మళ్ళీ గాలి వచ్చింది. తెరిచింది.

నేను గీసిన ప్రతి గీతా నాకు తెలుసు. ఆమె నాకు తెలియదు.

లేచి కూర్చునేసరికి నా జాకెట్టు వీపుకు అంటుకుపోయి ఉంది. తప్పు ఎక్కడ జరిగిందో అప్పుడు అర్థమైంది. మా దుకాణంలో బట్టను బల్ల మీద పరిచి చూపిస్తాం. నేనూ అలాగే చూసి సరిపెట్టుకున్నాను. పరదా పరుచుకునే బట్ట కాదు, కుచ్చులతో వేలాడేది, వెనక నుంచి వెలుతురు పడేది. ఆ ఊహే నాకు రాలేదు.

"మార్చిస్తాను. వారం ఆగు," అన్నాను.

శిరీష తన సంచి వైపు చూసింది. "వారమే అక్కా. ఇగ నాతోని గాదు."

ఎస్తేరు రాణి గారు గుమ్మంలోనే నిలబడి మా మాటలు విన్నారు. నాకిచ్చిన అడ్వాన్స్ మాట ఎత్తలేదు. ఆమె బేరం ఆడకపోవడం చూసి నాకు మరింత భయం వేసింది.

అద్దం పద్ధతి తీసేసి మొత్తం చేత్తో మళ్ళీ గీశాను. హాఫ్ డ్రాప్ పెట్టాను, అంటే పక్క వరుస సగం కిందికి జరిగి వస్తుంది, ఏ మడత ఎటు పడినా రెండు సగాలు ఎదురెదురు పడవు. ప్రింటయ్యాక కిటికీకి కుచ్చులతో కట్టి, ఎండలో, నేల మీద పడుకుని చూశాను. ఏమీ లేదు. ఆరో రోజుకి కొత్త పరదాలు ఎక్కాయి.

పది రోజుల తర్వాత మధ్యాహ్నం వెళ్తే గదిలో మంచాలన్నీ నిండి ఉన్నాయి. అందరూ ఒళ్ళు తెలియకుండా పడుకున్నారు. శిరీష ఒక్కతే మేలుకుని తల దువ్వుకుంటోంది. సంచి మంచం కింద ఖాళీగా పడి ఉంది.

"నిద్ర పడుతోందా?" గుసగుసగా అడిగాను.

"మస్తు పడ్తుందక్కా."

"ఇప్పుడేం కనిపించట్లేదు కదా?"

ఆమె పరదా వైపు చూసి, గొంతు ఇంకా తగ్గించింది.

"ఉన్నది. గని గిప్పుడు అటు తిరిగి పండుకున్నది. మెల్లగ మాట్లాడు, లేస్తది."

ఆ రోజు నుంచి నా పని పద్ధతి మారింది. నేను గీసిన బొమ్మ నూరుసార్లు వస్తే, దాని పక్కన నేను గీయకుండా వదిలిన ఖాళీ కూడా నూరుసార్లు వస్తుంది. అందుకే ఏ డిజైనైనా అది బతకబోయే తీరులోనే వేలాడదీసి, పడుకుని, గాలి ఆగేదాకా చూస్తాను. బాగుందా అని ఎవర్నీ అడగను. ఎవరైనా ఉన్నారా అని అడుగుతాను.