ఏం ఫరక్ పడదన్నవాడి జేబు

నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసిన రోజు టీచర్లు కన్నీళ్లు పెట్టుకుంటారని ఊహించుకున్నాను. స్వీట్లు పంచుకున్నారని తర్వాత తెలిసింది. ఎవరికి ఎప్పుడు ఏమనిపిస్తుందో అంచనా వేయడంలో నా తెలివి అంతవరకే.

అయినా బుద్ధి రాలేదు. సీతాఫల్‌మండిలో స్కూటర్లు బాగుచేసే షాపు పెట్టుకున్నాక, చిలకలగూడకు పెళ్లిచూపులకు వెళ్లాను. అమ్మాయి డిగ్రీ చదివింది. పెద్దవాళ్లు "ఇద్దరు జెర మాట్లాడుకోండ్రి" అని మమ్మల్ని డాబా మీదికి తోలారు. ఆరేసిన చీరల మధ్య నిలబడి ఆమె సూటిగా అడిగింది.

"నేను వద్దంటే ఏం జేస్తరు?"

"ఏం ఫరక్ పడదండి. పోయి మిర్చి బజ్జీ తిని పండుకుంట."

"సరే అంటే?"

"గప్పుడు సుత గంతే."

ఆమె నవ్వలేదు. "ఆలోచించి చెప్త" అంది. నాకేమో అప్పటికే బాగా నచ్చేసింది. వద్దంటే ఎలాగా అని మెట్లు దిగుతూనే పరేషాన్ షురూ అయింది.

ఇంటికొచ్చి అద్దం ముందు రెండు రకాలుగానూ ప్రాక్టీసు చేశాను. వద్దంటే ఓ చిరునవ్వు. సరేనంటే హుందాగా తలూపడం. రెండూ బ్రహ్మాండంగా వచ్చాయి.

అక్క ఫోన్ చేసేసరికి ఓ పెద్దాయన స్కూటర్ ముందు కూర్చుని ప్లగ్గు విప్పి తుడుస్తున్నాను.

"ఒప్పుకున్నదిరా!"

"అట్లనా, సరే" అని హుందాగా తలూపాను. గుండె దడ కూడా లేదు. నా మీద నాకే గౌరవం పుట్టుకొచ్చింది. "అయిపోయింది సార్, తీస్కపోండ్రి" అని పెద్దాయనతో చెప్పి, చేతులైనా కడుక్కోకుండా నడక మొదలుపెట్టాను. ఎక్కడికో కాళ్లకే తెలుసు. దారిలో ఈల వేశాను, బజ్జీలు కట్టించాను, ఎవరో తెలియని ఆంటీకి నమస్తే కూడా పెట్టాను. ముహూర్తం పెట్టుకోకముందే అబ్బాయి ఒక్కడూ అమ్మాయి ఇంటికి పోకూడదన్న సంగతి, వాళ్ల గడప ముందు నిలబడ్డాకే గుర్తొచ్చింది.

తలుపు ఆమే తీసింది. నేను నోరు తెరిచేలోగా ఫోన్ మోగింది. గ్రీసు వేళ్లతో తడబడి స్పీకర్ నొక్కేశాను.

"ఏందయ్యా గిది! కిక్కు కొట్టి కొట్టి కాలు గుంజుతున్నది. చూస్తే బండికి ప్లగ్గే లేదు!"

ఆమె నా చొక్కా జేబు వైపు చూసింది. నల్లటి మరక, అందులోంచి తొంగిచూస్తున్న ప్లగ్గు. నా చేతిలోని పొట్లం లాక్కుని అంది:

"ఏం ఫరక్ పడదన్నరు గదా! బజ్జీలు నేను తింట గని, మీరు పోయి ఆయన బండికి ప్లగ్గు పెట్టి పండుకోండ్రి."