హైకోర్టుకు బయలుదేరిన తండా

2013 చలికాలంలో ఒక తెల్లవారుజామున జఫర్‌గఢ్ దగ్గరి తండా నుంచి హైదరాబాదుకు జీపు బయలుదేరింది. పన్నెండు మంది పట్టే బండిలో పంతొమ్మిది మంది. కమ్లీ తప్ప అందరూ ఆమె తరఫు సాక్షులే.

కమ్లీ జనగామ పత్తి మిల్లులో తొమ్మిదేళ్లు పని చేసింది. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరిగినప్పుడు తానూ రోడ్డెక్కింది. తర్వాత పనికి వెళ్తే గేటు తెరవలేదు. తనే మానేసిందని యజమాని అన్నాడు. ఆమె నాలుగు రోజులు వరసగా వచ్చిందనీ, తెరవొద్దని తనకు చెప్పారనీ వాచ్‌మన్ తుల్సీరాం లేబర్ కోర్టులో చెప్పాడు. కోర్టు అతణ్ణి నమ్మి ఆమెను పనిలోకి తీసుకోమంది. యజమాని హైకోర్టుకెక్కాడు. అక్కడ ఓడితే కమ్లీ కూలికి పుణె పోవాల్సిందే.

తండాలో తగాదా పెద్ద పంచాయితీకి పోతే కథంతా మొదటి నుంచి మళ్లీ చెప్పాలి. చూసినవాళ్లూ విన్నవాళ్లూ లేచి మాట్లాడాలి. హైకోర్టూ అంతేననుకుని, తండాకు పెద్ద అయిన నాయక్ వాల్యా దారి పొడుగునా అందరి చేతా సాక్ష్యం వల్లె వేయించాడు.

కోర్టు మెట్ల దగ్గర కమ్లీ లాయరు విజయ నెత్తి పట్టుకుంది.

"గింతమందేంది బాపూ, పెండ్లికొచ్చిన్రా?"

"సాక్ష్యానికి బిడ్డా! గా ముసలవ్వకు చెవులు వినవడయి గని, గట్టిగ చెప్తది," అన్నాడు వాల్యా.

"గీడ ఎవ్వల్నీ అడగరు. కింది కోర్టు కాయితాలే చూస్తరు. ఎవరిది నిజమని మళ్ల తూకమెయ్యరు. సాక్ష్యమే లేకుంట తీర్పిచ్చిన్రా, చట్టం తప్పిన్రా? గంతే."

కమ్లీ ముందుకొచ్చింది. "మరి నేనేం చెప్పాలె అక్కా?"

"ఏం చెప్పకు. సప్పుడు చెయ్యక కూసో."

వాచ్‌మన్‌కు యజమాని మీద కక్ష ఉందని మిల్లు లాయరు వాదించాడు. జడ్జి కాగితాలు తిప్పారు. ఆయన ఇంగ్లీషులో అన్నదాన్ని విజయ కమ్లీ చెవిలో తెలుగులో చెప్పింది: "అతణ్ణి నమ్మాల్నా వద్దా అన్నది కింది కోర్టు తేల్చిందట. చట్టం తప్పు ఏమన్న ఉంటే చూపమంటున్నరు."

మిల్లు లాయరు చూపలేకపోయాడు. యజమాని పిటిషన్ కొట్టేశారు.

బయట కమ్లీని ఆడవాళ్లు ఎత్తినంత పని చేశారు. వాల్యా మాత్రం ముఖం ముడుచుకున్నాడు.

"గిదేం పంచాయితీ? నన్ను ఒక్క ముచ్చట అడగలే!"

"అడిగుంటే చెడగొడుతుంటివి బాపూ," అంది కమ్లీ. అతనికీ నవ్వాగలేదు.

ఉత్తర్వు అందిన సోమవారం మిల్లు గేటు తెరుచుకుంది. లోపలి ఆడవాళ్లు ఆమెను చుట్టేశారు.

"హైకోర్టు ఎట్లుంటదే కమ్లీ?"

"సల్లగుంటది. ఫ్యాన్లు మస్తుగున్నయి. ఇగ జర జరుగున్రి, నా జాగ నాకియ్యిన్రి."